పేలాలైపోయిన విత్తనాలు

మూకుట్లో మొదటి గింజ టప్పున పేలి ఆరాధన చేతికి తగిలింది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుని, తనలో తానే నవ్వుకుంది. వెంటనే ఇంకోటి పేలింది. తర్వాత నాలుగైదు ఒకేసారి. చూస్తుండగానే మూకుడు నిండా తెల్లటి పేలాలు పొంగాయి.

బయట వాన దంచుతోంది. వాగు పొంగుతుందేమోనని ఉదయ్ భాస్కర్ సారు ఆ శనివారం పిల్లల్ని జల్దీ ఇళ్ళకు పంపేశారు. ఆరాధన తన ఇంటికి వెళ్ళకుండా స్నేహితురాలు శ్రావణి వెంట వచ్చింది. ఇల్లు చేరగానే శ్రావణి, మేకలు తడుస్తున్నాయని వాటిని తోలుకురావడానికి పరుగెత్తింది. శ్రావణి అమ్మ, నాన్న, అవ్వ ముత్తవ్వ ముగ్గురూ చెల్కకు, తమ మెట్ట చేనుకు, పోయి ఇంకా రాలేదు. ఇంట్లో ఆరాధన ఒక్కతే ఉంది.

ఆరాధన వాళ్ళది ఖమ్మం. అమ్మ సంపూర్ణ నర్సు. ఎండాకాలంలో ఆమెకు భద్రాచలం అడవి అంచున ఉన్న ఈ ఊరి దవాఖానాకు బదిలీ అయింది. నాన్న లారీ డ్రైవర్, ఎప్పుడొస్తాడో ఎప్పుడు పోతాడో తెలియదు. కొత్త ఊళ్ళో ఆరాధనకు మొదట దొరికిన స్నేహం శ్రావణి. ఖమ్మంలో సినిమా హాల్లో పాప్‌కార్న్ ఎంత బాగుంటుందో ఆరాధన ఆమెకు చాలాసార్లు చెప్పింది. శ్రావణి ఎప్పుడూ సినిమా హాలుకు పోలేదు.

అందుకే, పొయ్యి పైన వెదురుబొంగుకు వేలాడుతున్న మొక్కజొన్న కంకులు కనిపించగానే ఆరాధనకు ఆలోచన వచ్చింది. శ్రావణి వచ్చేసరికి వేడివేడి పేలాలు సిద్ధంగా ఉంచాలి.

ఆ కంకులు పొగకు నల్లబడి, మసిపట్టి ఉన్నాయి. ఎప్పుడో కట్టి మర్చిపోయారనుకుంది. పీట వేసుకుని ఎక్కి ఒక కంకి దించింది. గింజలు చిన్నవి, గట్టివి, ముదురు ఎరుపు రంగువి. వలిస్తే గుప్పెడు కూడా రాలేదు. ఇంటిల్లిపాదికీ సరిపోవాలి కదా అని మిగిలినవన్నీ దించి వలిచేసింది. బూడిద కింద నిప్పు ఇంకా ఉంది. ఊదగొట్టంతో ఊది మంట చేసి, గింజలు వలిచిన బెండ్లు కూడా అందులోనే పెట్టింది.

మేకలను కొట్టంలోకి తోలి, తడిసిన జుట్టు పిండుకుంటూ శ్రావణి లోపలికి వచ్చింది. ఆరాధన గర్వంగా మూకుడు ముందుకు జరిపింది.

శ్రావణి మూకుడు వైపు చూసింది. తర్వాత తల ఎత్తి వెదురుబొంగు వైపు చూసింది.

"అవి ఇత్తనాలు" అంది మెల్లగా. "రేపో ఎల్లుండో ఏస్తరు."

ఆరాధన చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది. అన్నీ అయిపోయాయా అని శ్రావణి అడిగింది. ఆరాధన నేలంతా వెతికింది. పీట కింద ఒకటి, పొయ్యి గట్టు పక్కన రెండు గింజలు దొరికాయి. అంతే.

"షాపులో కొనిస్తాలే. మా మమ్మీకి చెప్తా" అంది.

ఆరాధన ఊరికే ఆ మాట అనలేదు. ఆ వారమే సారు సోషల్ క్లాసులో వ్యవసాయంలో రకాల పాఠం మొదలుపెట్టారు. ఇంటి అవసరానికి పండించేది, అమ్మకానికి పండించేది, కొండ వాలున చేసే పోడు అని చెప్పి, మీకు తెలిసిన సేద్యం గురించి చెప్పమన్నారు. ఆరాధన లేచి కుసుమంచిలో తన మేనమామ షాలేమ్‌రాజు పత్తి, మిర్చి పండిస్తాడని, ట్రాక్టరు, డ్రిప్పు పైపులు, రంగు బొమ్మల విత్తనాల ప్యాకెట్లు ఉంటాయని చెప్పింది. శ్రావణి లేచి, తమ చెల్కలో అన్నీ కలిపి వేస్తారని ఒక్క ముక్క చెప్పి కూర్చుంది. ప్యాకెట్లు దొరకకే అలా చేస్తారు కాబోలు అని ఆరాధన అప్పుడు జాలిపడింది.

వాన కాస్త తగ్గాక ముగ్గురూ చెల్క నుంచి వచ్చారు. ముత్తవ్వ తలమీది గోనెపట్ట తీసి మూలకు పెట్టి, లోపలికి అడుగుపెట్టగానే పేలాల వాసన పట్టేసింది. జరిగింది శ్రావణి చెప్పింది. శ్రావణి అమ్మ ముఖం మారిపోయింది. ఏదో అనబోతుంటే ముత్తవ్వ చెయ్యి ఊపి ఆపింది.

అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని ఒక పేలం తీసుకుని నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది.

"మంచిగ పేలినయ్" అంది. "గింజ మంచిగున్నదన్నట్టు."

ఈ ఏడాది మొక్కజొన్న వేయాల్సిన జాగాలో కూడా జొన్నలు వేద్దామని కొడుకుతో చెప్పి, కాళ్ళు కడుక్కోవడానికి బయటకు వెళ్ళింది. ఆమె తిట్టి ఉంటే ఆరాధన ఏడ్చేసేది, తేలికపడేది. తిట్టలేదు. మిగతా పేలాలు ఎవరూ ముట్టుకోలేదు. చల్లారి మెత్తబడుతున్న వాటిని చూడలేక ఆరాధన గొడుగు కూడా మర్చిపోయి ఇంటికి వచ్చేసింది.

సంపూర్ణ తువ్వాలుతో కూతురి తల తుడుస్తూ సంగతంతా విన్నది. తప్పయిందని అవ్వతో చెప్పావా అని అడిగింది. కొనిస్తానని శ్రావణితో చెప్పానని ఆరాధన అంది. సంపూర్ణ తువ్వాలు ఆపి కూతురి ముఖంలోకి చూసింది.

"నేనడిగింది అది కాదు గద" అంది.

తర్వాత ఆరాధన పట్టుబట్టి కుసుమంచికి ఫోను చేయించింది. మేనమామ స్పీకర్‌లో మాట్లాడాడు. ఎర్ర గింజల దేశీ మొక్కజొన్న ఏ షాపులోనూ దొరకదని చెప్పాడు. తను కొనే ప్యాకెట్ గింజ బాగా పండుతుందని, ఎకరానికి బస్తాల కొద్దీ దిగుతుందని, మార్కెట్‌కు పంపాలంటే అదే కావాలని వివరించాడు.

"కానీ అది ఒక్క పంటకే బిడ్డా. దాచి మళ్ళ ఏస్తే మొదటి లెక్క పండదు. అందుకే ఏటేటా కొంటం" అన్నాడు. మళ్ళీ తనే, "మా నాయన దగ్గర గూడ గసొంటి ఎర్రగింజలు ఉండేటియి. ఎప్పుడు పోయినయో నాకు యాదికి లేదు" అన్నాడు.

ట్రాక్టరు నడిపే, బోర్లు వేయించే మామయ్య దగ్గర కూడా లేనిదాన్ని తాను మూకుట్లో వేసింది.

తెల్లారగానే ముత్తవ్వ ఇంటికి వెళ్ళింది. అవ్వ వాకిట్లో చేట ముందేసుకుని కందులు ఏరుతోంది. ఆరాధన ఎదురుగా కూర్చుంది.

"అవ్వా, నేను అడగకుండ తీసిన. తప్పయింది" అంది.

ముత్తవ్వ చేట పక్కకు పెట్టింది. తన చిన్నప్పుడు తాను కూడా దొంగతనంగా విత్తనాల బొబ్బర్లు ఉడకేసుకు తిన్నానని, అమ్మ ఇల్లు చుట్టూ ఉరికించి కొట్టిందని చెప్పి నవ్వింది. ఆ నవ్వుకు ధైర్యం వచ్చి ఆరాధన రాత్రంతా తన మనసులో తిరిగిన ప్రశ్న అడిగింది.

"ఈ ఇత్తనాలు ఇంతకుముందు ఎవరికన్న ఇచ్చినవా అవ్వా?"

ముత్తవ్వ నవ్వు ఆపింది. ఎందుకివ్వలేదు, చాలామందికి ఇచ్చానంది. చివరింటి నర్సమ్మకు ఇచ్చింది. బావి దగ్గరి సీతయ్యకు ఇచ్చింది. వాగు అవతలి గూడెంలో ఉన్న తమ్ముడు దూలయ్యకు ఇచ్చింది. వాళ్ళ దగ్గర ఇంకా ఉన్నాయో లేవో మాత్రం తెలియదు. అడిగి చాలా ఏళ్ళయింది.

ఆరాధన, శ్రావణి ముందు చివరింటికి పరుగెత్తారు. నర్సమ్మ డబ్బా తెచ్చి మూత తీసింది. గింజ గింజకూ చిల్లు. అడుగున పిండి రాలి ఉంది. పోయినేడు బూడిద కలపడం మర్చిపోయానని ఆమె నొచ్చుకుంది. సీతయ్య ఇంట్లో అసలే లేవు. అతను చెల్కంతా పత్తికి మార్చాడు. నడివాకిట్లో నిలబడి, ఆ ఎర్ర కంకులు కాలిస్తే ఎంత రుచిగా ఉండేవో తలచుకుని నాలుక చప్పరించాడు. దొరికితే తనకూ రెండు గింజలు ఇమ్మన్నాడు.

మిగిలింది వాగు అవతలి దూలయ్య తాత.

ఆదివారం ప్రార్థన అయ్యాక సంపూర్ణ స్కూటీ తీసింది. ఆ గూడెంలో ఒక బాలింతను చూడాల్సిన పని ఆమెకు ఎలాగూ ఉంది. పిల్లలిద్దరూ వెనుక ఎక్కారు. దారి పొడవునా దున్నిన నేలలు, నాగళ్ళు, ఎడ్లు. మబ్బు మళ్ళీ కమ్ముతోంది. వాగు దగ్గర స్కూటీ ఆపి, నీళ్ళు తగ్గాయని రూఢి చేసుకుని, ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని చప్టా దాటించింది.

సంపూర్ణ బాలింత ఇంటికి వెళ్ళింది. దూలయ్య ఇంటి దగ్గర లేడు. కొండ వాలున చెల్కలో ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళ దాకా మట్టితో ఉన్నాడు. నడుముకు కట్టిన సంచిలోంచి గింజలు తీసి, చిన్న గుంటల్లో వేసి, మడమతో మట్టి కప్పుకుంటూ పోతున్నాడు. శ్రావణిని చూసి ముఖం విప్పారింది. అక్క బాగుందా, ఎడ్లు బాగున్నాయా అని అన్నీ అడిగాడు. ఎందుకొచ్చారో మాత్రం అడగలేదు. పిల్లలే చెబుతారని ఆగాడు.

శ్రావణి చెప్పబోతుంటే ఆరాధన ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. తానే మొదటి నుంచి చెప్పింది. పీట ఎక్కడం, అన్నీ వలవడం, బెండ్లు కాల్చడం, ఏదీ దాచలేదు.

దూలయ్య విని, మొక్కజొన్న వేసిన వాలు కేసి చూపించాడు.

"మక్కలు నిన్ననే ఏసిన బిడ్డా. భూమిల ఉన్నయ్."

ఆరాధన గుంటలు కప్పిన మట్టి వైపు చూసింది. ఒక్క రోజు. శ్రావణి కూడా నేల చూపులు చూసింది. దూలయ్య వాళ్ళిద్దరినీ కాసేపు చూసి, సంచి విప్పి గట్టు మీద పెట్టి, రండని ఇంటికి నడిచాడు.

ఇంట్లో అటక మీంచి ఒక ఎండిన సొరకాయ బుర్ర దించాడు. మూతికి గుడ్డ, దానిమీద మట్టి మెత్తి ఉంది. మట్టి రాల్చి, చేటలోకి వంచాడు. బూడిదతో కలిసి ఎర్రటి గింజలు జారాయి. అవే. చిన్నవి, గట్టివి, ముదురు ఎరుపువి.

ఏసినవి మొలవకపోతే మళ్ళీ వేయడానికి ప్రతి ఏడూ కొన్ని ఇలా పక్కన పెడతానని చెప్పాడు. ముందు వాన పడి, తర్వాత ముఖం చాటేస్తుంది ఒక్కోసారి. ఒక్కోసారి అడవి పందులు రాత్రికి రాత్రే గుంటలు తవ్వి తినేసి పోతాయి. అప్పుడు ఈ బుర్రే దిక్కు. చెబుతూనే గింజలను చేత్తో రెండు కుప్పలు చేశాడు. ఒక కుప్పను గుడ్డలో మూట కట్టి ఆరాధన ముందు పెట్టాడు.

ఆరాధన చెయ్యి చాపలేదు. ఆ రెండో కుప్ప ఎంత చిన్నదో చూస్తోంది.

"మరి వాన పడకపోతే మీకెట్ల తాతా?"

"ఇవి నాకు ఇచ్చింది ఎవరు? అక్కనే. నాయి పందులు తిన్న ఏడు ఇచ్చింది" అన్నాడు దూలయ్య. "అక్క కాడ ఉంటే నా కాడ ఉన్నట్టే. ఒక్క ఇంట్లనే పెట్టుకుంటే ఎన్నడో ఒకనాడు పోతయ్. తీస్కో."

ఆరాధన రెండు చేతులా మూట అందుకుంది.

అమ్మతో తిరిగి వచ్చే దారిలో సన్నగా తుంపర మొదలైంది. మూటను గౌను మడతల్లో దాచుకుని, చప్టా మీద ఒక్కో అడుగూ చూసి వేస్తూ దాటింది. ముత్తవ్వ ఇంటికి చేరేసరికి ఆరాధన నెత్తి తడిసింది, మూట తడవలేదు. అవ్వ మూట విప్పి, ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. తమ్ముడు ఎన్ని ఉంచుకున్నాడని అడిగింది. సగం అని విని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత అందులోంచి కొన్ని తీసి, మసి గుడ్డలో కట్టి, వెదురుబొంగుకు వేలాడదీసింది.

సోమవారం బడికి ముందే ఆరాధన చెల్కకు వెళ్ళింది. తడి మట్టి వాసన కమ్మగా ఉంది. ముత్తవ్వ కర్రతో గుంట చేస్తే ఆరాధన గింజలు వేసింది. వాటి పక్కనే శ్రావణి బొబ్బర్లు వేసింది. బొబ్బర తీగ మొక్కజొన్న కర్రను పట్టుకుని ఎక్కుతుందని, నేలకు బలం ఇస్తుందని ముత్తవ్వ చెప్పింది. గట్ల వెంట గుమ్మడి, అవతల జొన్న, మధ్యమధ్య కంది. ఆరాధన ప్రతి గింజనూ చేతిలోకి తీసుకునే ముందు ఇది వేయాల్సిందా, ఉంచాల్సిందా అని అడిగింది. అడిగి అడిగి చివరకు శ్రావణికే విసుగొచ్చింది.

వినాయక చవితి దాటాక ఉదయ్ భాస్కర్ సారు క్లాసు పిల్లలందరినీ ఆ చెల్కకు తీసుకొచ్చారు. గట్టు దగ్గర ఆయన చెప్పులు విడిచారు, పిల్లలూ విడిచారు. మొక్కజొన్న వాళ్ళ తలల కంటే ఎత్తు ఎదిగింది. కర్ర కర్రకూ బొబ్బర తీగ చుట్టుకుంది. కింద గుమ్మడి ఆకులు నేలంతా కప్పేసి, కలుపుకు చోటే లేకుండా చేశాయి. మొక్కజొన్న ముందు, జొన్న తర్వాత, చలిలో కందులు. ఒకటి పోతే ఇంకోటి చేతికొస్తుందని ముత్తవ్వ చెబుతుంటే సారు కూడా నోట్‌బుక్ మూసి వింటూ నిలబడ్డారు. మామయ్య డ్రిప్పు పైపులు ఎంత గొప్పగా అనిపించేవో, ఆ చెల్క కూడా ఆరాధనకు అంత గొప్పగా కనిపించింది. ప్యాకెట్లు దొరకక కాదు, ఇదంతా ఆలోచించి చేసిన పని అని ఆమెకు అర్థమైంది.

కోత రోజున అందరికీ కాల్చిన కంకులు దొరికాయి. సీతయ్య అడిగిన గింజలు సీతయ్యకు, నర్సమ్మకు కావాల్సినవి నర్సమ్మకు అందాయి. దూలయ్యకు పెద్ద కంకుల జత పోయింది. ఆరాధన వంతుకూ విత్తనాల కంకులు వచ్చాయి. వాళ్ళింట్లో గ్యాస్ పొయ్యి, పురుగు పట్టకుండా కాచే పొగ లేదు. అందుకని వాటిని వలిచి, ముత్తవ్వ పొయ్యిలో బూడిద అడిగి తెచ్చి, వేపాకు ఎండబెట్టి కలిపి, మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో పోసింది. నెలకోసారి ఎండలో పోసి చూసుకునేది.

మళ్ళీ మృగశిర కార్తె వచ్చింది. ఒక పొద్దున దవాఖానాకు తండా నుంచి సోమ్లా అనే రైతు కూతురిని వెంటబెట్టుకుని, ఆమె జ్వరానికి మందుల కోసం వచ్చాడు. సంపూర్ణ మందులు ఇస్తుంటే వానల మాట వచ్చింది. పత్తి చేను అంచున పిల్లలు తినడానికి కొంచెం దేశీ మొక్కజొన్న వేసేవాడినని, ఈసారి ఇల్లు కురిసి దాచిన గింజలు మూటలోనే మొలకెత్తి పాడయ్యాయని సోమ్లా చెప్పాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. మాటల్లో మాటగా చెప్పి లేచాడు.

ఆరాధన బడికి బ్యాగు వేసుకుని, దవాఖానా పక్కనే ఉన్న తమ ఇంటి గుమ్మంలో ఉంది. ఆ మాట విని బ్యాగు కింద పెట్టి లోపలికి వెళ్ళింది. గాజు సీసా తెచ్చి, పేపరు పరిచి, గింజలు పోసింది. సగానికి చేసింది. సోమ్లా వైపు ఉన్న కుప్ప కొంచెం తక్కువగా అనిపించి, ఇంకో గుప్పెడు అటు జరిపింది.

సోమ్లా వాటిని చూసి, జేబులో చెయ్యి పెట్టి ఎంత ఇవ్వాలని అడిగాడు.

ఆరాధన తల అడ్డంగా ఊపింది.

"పంటొచ్చినంక మీ తండాల ఇంకొకళ్ళకు ఇయ్యుండ్రి మామా" అంది. "అన్నీ ఒక్కసారే ఎయ్యకుండ్రి. కొన్ని పక్కన పెట్టుండ్రి."

సోమ్లా తలగుడ్డ విప్పి, దాని కొసకు గింజలు ముడి వేసుకున్నాడు. కూతురి చెయ్యి పట్టుకుని తండా దారి పట్టాడు. ఆరాధన మిగిలిన గింజలు సీసాలో పోసి మూత బిగించి, సీసాను గుండెకు ఆనించుకుని, బడి మొదలయ్యేలోపు శ్రావణితో కలిసి వాటిలో కొన్ని వేద్దామని చెల్క వైపు వేగంగా నడిచింది. పడమటి కొండ మీద మబ్బు పట్టింది.